గొలుసుకు అటు చివర నా తమ్ముడు

నెబ్రాస్కా రాష్ట్రం డోల్నా ఊరి కాపురస్తుడను, కీర్తిశేషులు జోసెఫ్, ఆంటోనియా బ్రాబెక్ దంపతుల పెద్ద కుమారుడను, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసు గల లూమిర్ జె. బ్రాబెక్ అను నేను, గుండె తప్ప తక్కిన అవయవాలన్నీ చెప్పిన మాట వింటుండగా, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నోటితో చెప్పి రాయించిన ఆఖరి వీలునామా ఇది.

బుద్ధి నిలకడగానే ఉందా అని మా ఊరి వకీలు లొరైన్ పెష్కా రెండుసార్లు అడిగింది. అది ఆవిడ వృత్తి ధర్మమట. పోయిన శుక్రవారం ఆటలో మన హైస్కూలు జట్టు బంతిని కాలితో తన్నిన ప్రతిసారీ ఏ ఘోరం జరిగిందో వరస తప్పకుండా చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే "చాలు చాలు లూమిర్ గారూ, నమ్మాను" అంది. కనుక ఆ విషయం రుజువైనట్టు నమోదు చేయవలెను.

నా గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. వచ్చే ఏటి ఆటలు చూడననే అనుకొమ్మని డాక్టరు మర్యాదగా చెప్పాడు. నాకు ఒక కూతురు, ఒక తమ్ముడు. కూతురు రోజూ ఫోను చేస్తుంది. తమ్ముడు నాతో మాట్లాడి పదేళ్ళు దాటింది. వాడి ఇల్లు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. ఈ కాగితంలో ఆస్తి సంగతులు చాలా ఉన్నాయి గానీ, నాకు కావలసింది మాత్రం ఒకటే. నేను పోయేలోగా వాడు ఒకసారి ఈ వంటింట్లోకి రావాలి.

నిబంధన 1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలముగా రద్దు. నా భార్య వ్లాస్టా చనిపోయిన ఏడాది కోపంలో ఒకటి రాశాను. అందులో సగం తిట్లే. అది చెల్లదు, చించి పారేశాను. పనికొచ్చే తిట్లు కొన్ని ఏరి ఇందులో పెట్టాను.

నిబంధన 2. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా కుమార్తె రోజ్‌మేరీకి అప్పగిస్తున్నాను. లింకన్ నగరంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. నొప్పి అని అరిచేవాళ్ళను ఊరుకోబెట్టడం దానికి అలవాటే. ఇది చదువుతూ "అయ్యో నాన్నా, మళ్ళీ ఆట గొడవేనా" అంటుందని తెలుసు. అవునమ్మా, మళ్ళీ ఆట గొడవే. ఒక్క కామా కూడా తీసేయకుండా అమలు చెయ్యి.

నిబంధన 3. నేను నివసిస్తున్న ఇల్లు, కొట్టాలు, దానికి ఆనుకుని ఉన్న మొక్కజొన్న పొలం యావత్తూ నా తదనంతరం రోజ్‌మేరీకి సర్వహక్కులతో చెందవలెను. పొలం అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. కార్వర్‌విల్ ఊరివాళ్ళకు మాత్రం అమ్మకూడదు. ఎందుకో ఆరో నిబంధనలో తెలుస్తుంది.

నిబంధన 4. నా కోతయంత్రం, రెండు ట్రాక్టర్లు వేలం వేయగా వచ్చిన సొమ్ము డోల్నా హైస్కూలుకు చెందవలెను. షరతులు ఇవి.

ఎ) ఆ సొమ్ముతో కొత్త స్కోర్‌బోర్డు కొనకూడదు. మన ఓటమిని ఇంకా పెద్ద అంకెల్లో చూపించడానికి నేను ఇన్నేళ్ళు దుక్కి దున్నలేదు.

బి) బంతిని కాలితో తన్నడం నేర్పడానికి మాత్రమే ఒక మనిషిని పెట్టవలెను. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు. బస్సు తోలమనడం, చరిత్ర పాఠం చెప్పమనడం కుదరదు.

సి) ప్రతి బుధవారం సాధనలో సగం సమయం దీనికే కేటాయించవలెను. చివర్లో పిల్లలు బూట్ల లేసులు విప్పుకుంటుంటే చేసేది సాధన కిందికి రాదు.

ఈ వీలునామా ఏ మనవడి చేతిలోనో పడొచ్చు, వాడికి ఆట తెలియకపోవచ్చు. అందుకని కాస్త వివరంగా చెబుతాను. ఇది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. మాది చిన్న బడి. పదకొండు మందిని దించే స్తోమత లేదు, ఎనిమిది మందితో ఆడతాం. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. పోలేమనిపిస్తే నాలుగోసారి బంతిని కాలితో దూరంగా తన్ని అవతలివాళ్ళకు అప్పగించాలి. ఇలా తన్నేటప్పుడు, అవతలివాళ్ళు తన్నిన బంతిని పట్టేటప్పుడు దిగే మనుషుల్ని స్పెషల్ టీమ్స్ అంటారు. నేను తన్నుడు బృందం అంటాను. మన ఊళ్ళో వాళ్ళను ఇంకా చాలా పేర్లతో పిలుస్తారు, అవి లొరైన్ రాయనంది.

మన పిల్లలు పరిగెత్తడంలో తక్కువవాళ్ళు కాదు. అడ్డం నిలబడితే గోడలే. కానీ బంతిని తన్నాల్సి వచ్చిందా, ఇక అంతే సంగతులు. ఒక ఏడు ఆట మొదలుపెట్టే తన్నుకే బంతి పక్కకి దూసుకెళ్ళి బ్యాండు మేళంలో పెద్ద బూరా ఊదుతున్న పిల్ల మూతికి తగిలింది. ఆ పిల్ల ఇప్పుడు ఒమాహాలో టీచరు. ఎప్పుడు ఊరికి వచ్చినా పెదవి మీద మచ్చ చూపించి నవ్విస్తుంది. ఇంకో ఏడు అవతలివాళ్ళు తన్నిన బంతి మనవాళ్ళిద్దరి మధ్య దిగుతోంది. నువ్వు పట్టు అంటే నువ్వు పట్టు అని ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటుంటే అవతలివాడు తాపీగా వచ్చి తీసుకుపోయాడు. పెళ్ళి భోజనాల దగ్గర కూడా నేను అంత మర్యాద చూడలేదు. గోలు కర్రల మధ్య నుంచి తన్ని పాయింటు తెచ్చుకోవడమైతే మనవాళ్ళు ఎప్పుడో మానేశారు. కర్రలు మాత్రం ఏటేటా రంగు వేయించుకుని నిలబడి ఉంటాయి, పాపం.

మన కోచ్ కర్టిస్ బ్రాబెక్ నా తమ్ముడి కొడుకు. మంచివాడు. పిల్లలంటే ప్రాణం పెడతాడు. ఓసారి చర్చి విందులో ఈ సంగతి ఎత్తితే "పెదనాన్నా, అవి మధ్యలో వచ్చే చిన్న చిన్న పనులు. వారమంతా అసలు ఆట నేర్పడానికే చాలట్లేదు" అన్నాడు. చిన్న పనులట! ఒరేయ్ కర్టిస్, మనం ఓడిన ఆటల్లో ఎన్ని ఆ చిన్న పనుల దగ్గర ఓడిపోయామో ధాన్యం గిడ్డంగి దగ్గర కాఫీ తాగే ఏ ముసలాణ్ణి అడిగినా చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు.

నిబంధన 5. నా నారింజ రంగు చొక్కా, తోలు చేతితొడుగులు, వాన కోటు నోరీన్ వావ్రాకు చెందవలెను. నోరీన్ మా దారిలో ఉత్తరాలు పంచుతుంది. ఈ ఏడు నుంచి గొలుసులో నా కొస ఆవిడే పట్టుకుంటోంది.

గొలుసంటే ఏమిటో చెబుతాను. జట్టు పోవలసిన ఆ పది గజాలూ కొలవడానికి మైదానం అంచున ఒక గొలుసు ఉంటుంది. దాని రెండు కొసలకూ రెండు కర్రలు. ఇద్దరు మనుషులు చెరో కర్రా పట్టుకుని ఆట ఎటు జరిగితే అటు జరుగుతూ ఉంటారు. మా ఊళ్ళో ఆ పని మా నాన్న, ఆయన తమ్ముడు చేసేవారు. వాళ్ళ తర్వాత నేను, నా తమ్ముడు మైలో చేశాం. జీతం లేదు. ఆట చివర ఒక గిన్నెడు చిక్కుడుగింజల మాంసం కూర, దాల్చినచెక్క రొట్టె ఇస్తారు. ఊళ్ళో ఇంతకన్నా పెద్ద పదవి ఇంకోటి ఉందని మేం ఎప్పుడూ అనుకోలేదు.

నోరీన్‌కు ఒక హెచ్చరిక. గొలుసు పట్టినవాళ్ళు ఏ పక్షమూ కాదు. అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, కోచ్‌తో మాట్లాడకూడదు. మాట్లాడితే రెఫరీ మన జట్టుకే శిక్ష వేస్తాడు. ఇంకో సంగతి, బంతి తన్నేటప్పుడు మనకు పని ఉండదు. చేతిలో కర్రతో ఊరికే నిలబడి చూడటమే. కనుక మన తన్నుడు బృందం చేసే ఘనకార్యాలన్నీ స్టాండ్లలో ఉన్నవాళ్ళకన్నా దగ్గరగా, ఇంకెవరూ చూడనంత స్పష్టంగా నువ్వు చూస్తావు. నోరు తెరవకుండా చూడాలి. దంతాలు జాగ్రత్త, నేను రెండు పళ్ళు అరగదీసుకున్నాను.

నిబంధన 6. ఇది ఆస్తి కాదు. వీలునామాలో ఇలాంటివి రాయరని లొరైన్ అంది. రాయమన్నాను.

పదేళ్ళు దాటిన మాట ఇది. జిల్లా పోటీల మొదటి ఆట, మన మైదానంలోనే. అవతల కార్వర్‌విల్. మనం రెండు పాయింట్లు ముందున్నాం. గడియారంలో నిమిషం కూడా లేదు. మనకు నాలుగో ప్రయత్నం. బంతిని దూరంగా తన్నేస్తే చాలు, ఆట మనదే. మైదానం చుట్టూ కంచె దగ్గర నిలిపిన కార్లలో జనం అప్పుడే హారన్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

తన్నుడు బృందం దిగింది. నాకు పని లేదు గదా, చూస్తున్నాను. ఏడుగురే దిగారు. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడుగురే. ఎడమవైపు ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఎనిమిదోవాడు బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు, తన స్థానంలో ఇంకొకణ్ణి పెట్టారనుకుని. గురువారం సాధన చివర్లో హడావుడిగా పేర్లు మార్చారట. కర్టిస్ నాకు మూడడుగుల దూరంలో నిలబడి గడియారం వైపు చూస్తున్నాడు. చెయ్యి చాస్తే వాడి భుజం అందేది. "ఒకడు తక్కువరా" అంటే సరిపోయేది.

నేను అనలేదు. గొలుసు పట్టినవాడికి నోరు లేదు. మా నాన్న నేర్పింది అదే.

ఆ ఖాళీలోంచే వాళ్ళు దూసుకొచ్చారు. మనవాడు తన్నిన బంతి వాళ్ళవాడి ఛాతీకి తగిలి వెనక్కి దొర్లింది. దాన్ని ఎత్తుకుని మన చివరి గీత దాటేశారు, ఆరు పాయింట్లు. ఆ రోజు హారన్లు మోగింది అవతలి కంచె వైపు.

మర్నాడు పొద్దున గిడ్డంగి దగ్గర కాఫీ తాగుతూ అందరూ అదేమిటి, అదెలా జరిగింది అని కొట్టుకుంటుంటే "ఏడుగురే దిగారు, నేను లెక్కపెట్టాను" అన్నాను. ఉన్నమాటే అన్నాను. మధ్యాహ్నానికల్లా ఊరంతా కర్టిస్‌కు లెక్కలు రావని చెప్పుకుంది. వాడి ఇంటి ముందు ఎవరో ఏడు గుమ్మడికాయలు వరసగా పెట్టిపోయారు.

సాయంత్రం మైలో మా వాకిట్లోకి ట్రక్కు తోలుకొచ్చాడు. దిగలేదు. అద్దం దించి "చూసి కూడా నోరు మూసుకున్నావా అన్నయ్యా? మా వాడు నీకు పరాయివాడా? మైదానంలో రాని మాట కాఫీ దగ్గర ఎలా వచ్చింది?" అన్నాడు. నేను మెట్ల మీద నిలబడి "గొలుసు పట్టుకున్నంతసేపూ నాకు అందరూ పరాయివాళ్ళే" అన్నాను. వాడు అద్దం ఎత్తేశాడు. అదే ఆఖరు.

మరుసటి ఏడాది మొదటి ఆటకి వెళ్ళేసరికి వాడు తన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను మానేస్తానని వాడనుకున్నాడు. వాడు మానేస్తాడని నేననుకున్నాను. ఇద్దరం బ్రాబెక్‌లమే గదా! అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఒకే గొలుసు రెండు కొసలు పట్టుకుని, పది గజాల దూరంలో, ఒక్క మాట లేకుండా నిలబడ్డాం. ఊళ్ళో కొందరు ఆట చూడటం మానేసి మమ్మల్నే చూసేవారు. గొలుసు ఎత్తి ముందుకు జరగాలంటే ఇద్దరూ ఒకేసారి కదలాలి. ఇదివరకైతే "పద" అనేవాడు. తర్వాత గొలుసును ఒకసారి మెల్లగా లాగేవాడు. నేనూ లాగేవాణ్ణి. కదిలేవాళ్ళం. ఇన్నేళ్ళలో నా తమ్ముడు నాతో చెప్పిందంతా ఆ లాగుడే. అది నాకు చాలలేదు. చాలలేదని ఎవరితోనూ అనలేదు, వ్లాస్టాతో కూడా.

ఈ ఏడాది కాళ్ళకు నీరు పట్టి నిలబడలేక, కంచె దగ్గర ట్రక్కులో కూర్చుని అద్దం దించుకుని చూస్తున్నాను. అక్కడినుంచి మైలో వీపు కనిపిస్తుంది. మొదటి ఆట రోజున నోరీన్ ఏదో చెబితే వాడు తల వెనక్కి వేసి నవ్వాడు. వాడి నవ్వు అచ్చం అమ్మ నవ్వే. ఆ తర్వాత జరిగిన ఆట నాకు గుర్తులేదు. మనవాళ్ళు బంతి తన్నారో లేదో కూడా గుర్తులేదు. నాకు గుర్తులేదంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు.

నిబంధన 7. మా అమ్మ వైపు నుంచి వచ్చిన ఓక్ చెక్క భోజనాల కుర్చీలు నా తమ్ముడి కుమారుడు కర్టిస్ బ్రాబెక్‌కు చెందవలెను. ఎనిమిది ఉన్నాయి. తీసుకెళ్ళేటప్పుడు లెక్కపెట్టుకో.

సరే, ఎత్తిపొడిచాను, అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి విను. ప్రతి ఆదివారం ఆ కుర్చీల్లో మా అమ్మా నాన్నా, నేనూ వ్లాస్టా, రోజ్‌మేరీ, మీ అమ్మా నాన్నా, నువ్వూ కూర్చునేవాళ్ళం. బాతు మాంసం, పిండి ముద్దలు, పుల్ల క్యాబేజీ. నీకు కాళ్ళు నేలకు అందేవి కావు. ముద్ద మీద పులుసు పోసేదాకా తినేవాడివి కాదు, "పెదనాన్నా, ఇంకా" అని నా మోచెయ్యి గోకేవాడివి. నువ్వు కోచ్ అయిన రోజున నేను ఈ ఊళ్ళో అందరికన్నా గర్వపడ్డాను. నీమీద ఊరు అంత అరిచినా నువ్వు ఊరు వదిలిపోలేదు, ఆట వదల్లేదు. అది నీ చేత అయింది. నా చేత అయ్యేది కాదు. బుధవారం సాధన మాత్రం మార్చు.

నిబంధన 8. నా భార్య వ్లాస్టా అల్లిన ఎర్ర ఉన్ని దుప్పటి ఇర్మా సూచాకు చెందవలెను. ఆటలప్పుడు తినుబండారాల కొట్టు చూసుకునేది ఇర్మా.

మా ఊళ్ళో గురువారం సాయంత్రమే స్టాండ్లలో దుప్పట్లు పరిచి చోటు పట్టుకుంటారు. దుప్పటి ఉన్నచోట ఇంకొకరు కూర్చోరు. వ్లాస్టా దుప్పటి ఎప్పుడూ మూడో వరసలో, నాకు సరిగ్గా ఎదురుగా ఉండేది. తను పోయాక కూడా ఇర్మా ప్రతి గురువారం నా ఇంటికొచ్చి ఆ దుప్పటి అడిగి తీసుకెళ్ళి అక్కడే పరుస్తుంది. స్టాండ్లు కిక్కిరిసిన రోజున కూడా అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఇర్మా, ఇక పరచనక్కరలేదు. చలికాలంలో నువ్వే కప్పుకో. గసగసాలు పెట్టిన తీపి రొట్టెలు, ఆ కొలాచీలు మాత్రం వ్లాస్టా చేసినంత బాగా నీకు ఇప్పటికీ రావు. ఆ మాట అనకపోతే వ్లాస్టా నన్ను అక్కడ గడప తొక్కనివ్వదు.

వ్లాస్టా ఉన్నన్నాళ్ళూ ఒకటే పోరు. "నువ్వు పెద్దవాడివి. నడిచి వెళ్తే వాళ్ళ వాకిలి ఎంత దూరం? వెళ్ళి కూర్చో చాలు, మాట్లాడకపోయినా పర్లేదు" అనేది. వెళ్ళలేదు. వాడు వస్తాడని చూశాను. తను పోయినప్పుడు వాడు వచ్చాడు. శవపేటిక మోశాడు. సమాధి దగ్గర రోజ్‌మేరీని దగ్గరికి తీసుకుని ఏడ్చాడు. నా ఎదురుగా వచ్చి నిలబడి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాడు నోరు తెరుస్తాడని నేను ఎదురుచూస్తూ ఉన్నాను. వాడూ అలాగే ఉన్నాడేమో.

నిబంధన 9. నా అంత్యక్రియలు శుక్రవారం పెట్టకూడదు. అక్టోబరు నెల అయితే గురువారం సాయంత్రం కూడా వద్దు, జనం దుప్పట్లు పరుచుకోవాలి. ఫాదర్ ప్రసంగంలో ఆట గురించిన పోలికలు తేకూడదు. ఆయన కార్వర్‌విల్‌లో పుట్టాడు.

నిబంధన 10. నా తమ్ముడు మైలో ఎఫ్. బ్రాబెక్‌కు నేను ఏమీ ఇవ్వడం లేదు.

ఇది చదివి "చూశారా, చచ్చినా పంతం వదల్లేదు" అని గిడ్డంగి దగ్గర చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. మొదట రాయించినప్పుడు వాడికి తూర్పు పొలం, నాన్న వేట తుపాకి, అమ్మ పెళ్ళి ఫోటో, ఇంకా చాలా ఇచ్చాను. సగం ఇల్లు వాడిదే అన్నట్టు రాయించాను. చదివి వినిపించాక లొరైన్ సాక్షుల సంగతి ఎత్తింది. ఇద్దరు సాక్షులు కావాలి. ఇద్దరూ నా ఎదుట ఉండాలి, నేను సంతకం పెడుతుంటే కళ్ళారా చూడాలి, తర్వాత వాళ్ళూ పెట్టాలి. వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళు సాక్షులుగా ఉండకపోవడం మంచిది, ఉంటే వాళ్ళ వాటా చిక్కుల్లో పడుతుందని చెప్పింది.

ఆ మాట విని కిటికీలోంచి వాడి ఇంటి వైపు చూశాను. తర్వాత మైలోకి ఇచ్చినవన్నీ కొట్టేయమన్నాను. ఒక్కటి కూడా మిగల్చొద్దన్నాను. మొదటి సాక్షి లొరైన్, రెండో సాక్షి మైలో అని రాయమన్నాను.

లొరైన్ కళ్ళద్దాలు తీసి "లూమిర్ గారూ, వీలునామా రాసేది ఇవ్వడానికండీ, పిలవడానికి కాదు" అంది. నిజమే కావచ్చు. కానీ వాడిని రప్పించడానికి నా దగ్గర ఇంకేముంది? రమ్మని కబురు పెడితే రాడు. పొలం ఇస్తానంటే అసలే రాడు, లంచం అనుకుంటాడు. వాడికి ఏమీ ముట్టదు, నిలబడి చూసి సంతకం పెట్టాలి, ఊరికి అవసరమైన పని అంటే రావచ్చు. మేమిద్దరం జీతం లేని పనికి పిలిస్తే కాదనని ఇంట్లో పుట్టినవాళ్ళం.

పక్కింటావిడను పిలిచినా సరిపోతుందని లొరైన్ అంది. ఒప్పుకోలేదు. మైలో రాకపోతే నేను సంతకం పెట్టను. రెండో గీత ఖాళీగా ఉంటే ఈ కాగితం చెల్లదు. అప్పుడు చట్టప్రకారం అంతా రోజ్‌మేరీకే పోతుంది. అదేమీ అన్యాయం కాదు. కాకపోతే ఇర్మాకు దుప్పటి ఉండదు, కర్టిస్‌కు కుర్చీలు ఉండవు, బంతిని ఎలా తన్నాలో చెప్పే దిక్కు మన పిల్లలకు ఉండదు. ఊరు ఇంకో ముప్పై ఏళ్ళు అలాగే ఓడిపోతుంది. ఆ పాపం కొంత మైలో మీద కూడా పడుతుందని వాడికి చెప్పమన్నాను. లొరైన్ నా వంటింట్లోంచే వాడికి ఫోను చేసింది. వాడేమన్నాడో తను చెప్పలేదు.

ఒరేయ్ మైలో, నువ్వు వస్తే ఇది నీ ఎదుటే చదువుతారు, కాబట్టి విను. నేను ఆ రోజు మైదానంలో చేసింది తప్పు కాదు. మళ్ళీ అదే రాత్రి వస్తే మళ్ళీ నోరు మూసుకునే నిలబడతాను. నువ్వు కూడా నీ కొడుకు పక్షాన మాట్లాడి తప్పు చేయలేదు. ఇద్దరిలో ఎవరూ తగ్గనక్కర్లేదు. తగ్గమని ఈ కాగితంలో ఎక్కడా రాయలేదు, వెతుక్కో. నిన్ను చూడాలని ఉందిరా. ఇంతకన్నా మర్యాదైన మాట నాకు రాదు. తలుపు గొళ్ళెం వేసి ఉండదు. కాఫీ ఉంటుంది, తాగితే తాగు, లేకపోతే లేదు.

పై పది నిబంధనలూ నేను చెప్పగా లొరైన్ పెష్కా రాసి, తిరిగి చదివి వినిపించగా విని, నా మనసులో ఉన్నది ఇదేనని ఒప్పుకుని, 2018 అక్టోబరు 20వ తేదీ శనివారం మధ్యాహ్నం, డోల్నాలో నా స్వగృహంలోని వంటింట్లో, దిగువ సాక్షులిద్దరి సమక్షంలో సంతకం చేయడమైనది.

(సంతకం) లూమిర్ జె. బ్రాబెక్

సాక్షులు:

1. లొరైన్ పెష్కా, న్యాయవాది, డోల్నా.

2. మైలో ఎఫ్. బ్రాబెక్, రైతు, డోల్నా.
పై సంతకం వంకరగా ఉందని రేపు ఎవరూ పేచీ పెట్టకూడదు. పెట్టింది అన్నయ్యే. కాగితం కదలకుండా నేను పట్టుకున్నాను.